తకయామాలో తప్పిపోయిన హైమావతి ఆంటీ

వాంకూవర్ ఎయిర్‌పోర్టు నుంచి సర్రీ వెళ్ళే దారి. కారు నడుపుతున్నది వాసవి, కరీంనగర్ నుంచి వచ్చిన కాలేజీ స్టూడెంటు. పక్క సీట్లో ఆమె ఇంటి ఓనరు హైమావతి. జపాన్ టూరు నుంచి ఆరు రోజులు ఆలస్యంగా, ఒంటరిగా దిగింది.

"ముందు సీట్‌బెల్ట్ పెట్టుకోండి ఆంటీ. మాట తర్వాత మార్చుదురు గానీ."

"నేనేం మార్చానే? ఆకలేస్తోందన్నాను, అంతే."

"ఇరవై రెండు మంది పోయిన్రు. ఇరవై ఒక్కమంది వచ్చిన్రు. మీతోని టూర్‌కి పోయిన చాముండేశ్వరి గారు ఫోన్ చేసి, 'మీ ఆంటీ తకయామాలో తప్పిపోయింది' అంటే మీ బేస్‌మెంట్‌లో కిరాయికున్న మా నలుగురు స్టూడెంట్లకు రాత్రంతా నిద్ర లేదు."

"ఆవిడదంతా గోల. తప్పిపోడానికి నేనేమైనా చంటిపిల్లనా? పాత ఊరంతా కలిపితే మూడు వీధులు. అన్నీ నల్లటి కర్ర ఇళ్ళు, తాతల నాటివి. ఒక్క సిమెంటు గోడ లేదు. వీధి పక్కనే కాలవ, గలగలా పారతా ఉంటాది..."

"మరి టూర్ బస్సు?"

"ఒక ఇంటి గుమ్మానికి ఇంత పెద్ద ఆకుల బంతి వేలాడదీశారు. దిష్టికేమో అనుకుని నేను దణ్ణం కూడా పెట్టాను. తీరా అది సారా కొట్టంట! కొత్త సారా దిగిందని గుర్తంట ఆ బంతి."

"ఆంటీ! బస్సు!"

"దణ్ణం పెట్టానని ఆ ముసలాయన చిన్న కప్పుతో ఇవ్వబోయాడు కూడా."

"తాగిన్రా?"

"ఛీ. వాసన చూశానంతే."

"సరే. బస్సు నలభై నిమిషాలు ఆగిందంట కదా మీకోసం?"

"ఆగిందా? పాపం. తిండి మాట చెప్పనీ. మన అడ్డాకు లాంటి పెద్ద ఎండుటాకు. దాని మీద మిసో అని సోయా ముద్ద, పుట్టగొడుగులు, ఉల్లికాడలు. కింద చిన్న కుంపటి. ఆకు కాలదు, ముద్ద మాత్రం కుతకుతలాడతాది. వేడన్నంలో కలుపుకుని రెండోసారి అడిగాను."

"జూన్‌లో ఆ గ్లవ్స్ ఏంది?"

"ఏసీ చల్లగా ఉంది."

"ఏసీ ఆన్ చేయలే నేను."

"అయితే కిటికీ గాలేమో."

"చేతులు చూపెట్టండి."

"రోడ్డు చూడు నువ్వు. ముందు లారీ ఉంది."

"రెడ్ సిగ్నల్ ఇది. చూపెట్టండి... అయ్యో! ఏందాంటీ ఈ దద్దుర్లు? మోచేతుల దాకా ఉన్నయ్ కదా! డాక్టర్‌కి చూపెట్టిన్రా?"

"చూపించాను. మందు రాస్తున్నాను. తగ్గుతోంది. అక్కడ పని మొదలెట్టిన ప్రతివాళ్ళకీ వస్తాయంట. ఆవిడకీ వచ్చాయంట."

"ఎవరావిడ? ఏం పని?"

"గ్రీన్ పడింది, పోనీ."

"పోనిస్తున్నా. చెప్పండి."

"ఫుమికో. డెబ్భై ఏళ్ళుంటాయి. మూడో వీధి చివర కొట్టు. కర్ర పళ్ళేలకీ గిన్నెలకీ ఒక చెట్టు పాలు పూస్తారు. తేనె రంగులో మెరుస్తాయి, లోపల కర్ర గీతలన్నీ కనబడతా ఉంటాయి. ఆ చెట్టు పాలే, పచ్చివి తగిలితే ఇలా పొంగుతాయి చేతులు."

"కొననీకి పోయి పని చేసొచ్చిన్రా?"

"కొనడానికే వెళ్ళాను. గిన్నె తీసి తిరగేసి చూశాను. ఆవిడ లోపల్నుంచి లేచొచ్చింది. ఫోన్లో ఏదో మాట్లాడితే ఆ ఫోను ఇంగ్లీషులో చెప్పింది... కొనేవాళ్ళు గిన్నె లోపల చూస్తారు, చేసేవాళ్ళు అడుగు చూస్తారు, నువ్వు ఏం చేస్తావు అని."

"మీరేమన్నరు?"

"ముందు 'ఇల్లు అద్దెకిస్తాను' అన్నాను."

"ఆంటీ!"

"మరేం చెప్పనే? తర్వాత నోట్లోంచి అదే వచ్చేసింది. మాది ఏటికొప్పాక, మా నాన్న లక్కబొమ్మలు చేసేవాడు అని. కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క పుల్ల ఆనిస్తే, ఆ వేడికి కరిగి రంగు పట్టేస్తుందనీ, మొగలాకుతో రుద్దితే అద్దంలా అవుతుందనీ. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. ఎడ్మంటన్‌లో ఉన్నాను, సర్రీలో ఉన్నాను. ఒక్కరికీ ఈ ముక్క చెప్పలేదు."

"మాకు కూడా చెప్పలే."

"మీరు అడగలేదు కదే. ఆవిడ అడిగింది. అదేంటి, ఏడుస్తున్నావా?"

"లేదు, ఎండ కళ్ళల్ల పడుతున్నది. తర్వాత?"

"తర్వాత బ్రష్ ఇచ్చింది. ఒక పాత పళ్ళెం ముందు పెట్టింది. పూయమంది. అప్పుడే బస్సు హారన్ వినబడింది."

"వినబడిందా! వినబడీ పోలేదా?"

"బ్రష్ సగంలో ఉందే! ఆపితే అక్కడ చార పడతాది. ఎంత గీకినా పోదు."

"అందుకని ఆరు రోజులా?"

"అది ఆరాలి కదా. ఆరాక రెండో పూత. కొట్టు మీద గది ఇచ్చింది. మీ అంకుల్‌కి మెసేజ్ పెట్టాను, 'క్షేమం, పని ఉంది' అని."

"అది అంకుల్ చూపెడితే మాకు ఇంకా భయమైంది! తెలుగుల ఉన్నది కాబట్టి మీరే రాసిన్రని ఆగినం, లేకపోతే పోలీసులకు చెప్పేవాళ్ళం. పళ్ళెం ఎట్లొచ్చింది?"

"ఘోరంగా. రెండు బుడగలు, ఒక వెంట్రుక."

"ఆమె ఏమన్నది?"

"నవ్వింది. కడుపుబ్బ నవ్వింది. నేనూ నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. చివరిరోజు ఒక కాగితం చేతిలో పెట్టింది. ఆ జిల్లాలోనే కర్రపని, పూతపని నేర్పే బడి ఉందంట. వాళ్ళతో తనే మాట్లాడిందంట."

"మళ్ళీ పోతరా, టూర్‌కి?"

"టూర్‌కి కాదు. రెండేళ్ళు."

"రెండేళ్ళా! మరి అంకుల్?"

"నిన్న ఫోన్లో చెప్పాను. గ్లాసు బియ్యానికి కుక్కర్లో ఎన్ని నీళ్ళు పొయ్యాలీ అని అడిగారు. అంటే ఒప్పుకున్నట్టే."

"ఆంటీ, నిజమా? ఏ వీసా మీద?"

"మీ బేస్‌మెంట్‌లో నలుగురూ దేని మీద వచ్చారే? అదే. ఏప్రిల్ ఇన్‌టేక్. అప్లికేషన్‌లో అన్నీ నింపేశాను గానీ ఒక్కచోట ఆగిపోయాను. మీరంతా రాసినవాళ్ళే కదా, చెప్పు... ఇంటర్ తర్వాత నలభై రెండేళ్ళ స్టడీ గ్యాప్ వచ్చింది, కారణం ఏమని రాయాలి?"