నడిచేవాళ్ల లెక్క

రోడ్డు వెడల్పు చేశాక టీకొట్టుకీ బస్సులకీ మధ్య మూరెడు జాగా మిగిలింది. ఆ మూరెడులోనే బల్ల వేసుకుని లెక్కల బాబాయి రోజూ కోతలు కోస్తాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రోడ్ల పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టి కాగితం మీద గీతలు గీయడమే ఆయన పని. పేరు అలా వచ్చింది.

ఇవాళ టీకొట్టు అక్క, "పొద్దున ఈ రోడ్డు దాటడానికి అరగంట పట్టింది. నడిచేవాళ్లకో దారి ఉండాలని ఎవడికీ తోచలేదా?" అంది. ఆ మాట బాబాయికి ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నప్పుడల్లా ఆయన గొంతు పెద్దదవుతుంది.

"తోచకపోవడమేంటి? ఈ రోడ్డు లెక్క తీసింది ఎవరనుకున్నావు? నేనే! ఒక్క పూటలో ఆరువందల మందిని, ఒక్కడు తప్పిపోకుండా..."

"ఆరువందలేనా?" ఆటో డ్రైవరు ఎగదోశాడు.

"అది మొదటి గంటలోరా! ఆ తర్వాత ఆరువేలు. ఆపైన చూడటం కూడా మానేశా, చెప్పుల చప్పుడు చాలు. కళ్లు మూసుకునే చెప్పేవాణ్ణి, ఇది టైలరు, ఇది ఆయన అత్తగారు, చెప్పు తెగబోతోంది చూసుకోమ్మా అని. అంతలో ఒక నిండు చూలాలు పోతోంది, రెండు గీతలు గీశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగడుగులు వేసేసరికి అడుగు బరువులో తేడా వినిపించి ఇంకో గీత గీశా. వారం తిరక్కుండా కవలలు!"

"పురుడు పోసింది కూడా నువ్వేనా బాబాయ్?"

"వినవోయ్! అప్పుడే తుమ్మొచ్చింది. తుమ్మితే చెవులు గింగురుమంటాయి, ఒకడు లెక్క తప్పుతాడు. చెయ్యెత్తా. అంతే! సైకిళ్లు కాలు కింద పెట్టకుండా నిలబడిపోయాయి, బస్సులు ఆగాయి, పైన పోయే కాకి రెక్కలు చాపి అలాగే ఉండిపోయింది. తీరిగ్గా తుమ్మి, ముక్కు తుడుచుకుని, ఊఁ, పదండి అన్నా."

అందరూ పగలబడి నవ్వారు, పక్కన ట్యూబుకి గాలి కొడుతున్న సైకిళ్లతను తప్ప.

"అంత లెక్క తీస్తే మరి దారేదీ?" అంది అక్క.

"పైవాళ్ల బుద్ధి గడ్డి తింటే నేనేం చేయను?"

సైకిళ్లతను పంపు పక్కన పెట్టాడు. "ఆ రోజు నాకూ గుర్తుంది బాబాయ్. రోడ్డు వెడల్పు చేసేముందు, ఎంతమంది నడిస్తే నడిచేవాళ్లకి అంత దారి అని రోడ్ల ఆఫీసువాళ్లు ముందే చెప్పారు. ఏడింటికల్లా మా వీధి వీధంతా ముసురులోనే రోడ్డు మీదికి దిగాం. లెక్క పెరగాలని తలా మూడుసార్లు తిరిగాం. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో, గోడ పట్టుకుని మూడుసార్లూ తిరిగింది. ఇప్పుడు ఈ రోడ్డు దాటలేక నాలుగేళ్లుగా వాకిట్లోనే ఉంటోంది. నీకోసం కుర్చీ కూడా వేశాం. నువ్వు రాలేదు."

బాబాయి టీగ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఆ రోజు చలికి దుప్పటి వదల్లేదు. పదకొండింటికి వచ్చి, ఖాళీ రోడ్డు చూసి, నడిచేవాళ్ల గడిలో పన్నెండు అని రాసి ఇంటికి పోయాడు. ఆ పన్నెండే పైకి పోయింది. ఇన్నేళ్లుగా ఎన్ని కోతలు కోసినా ఆ అంకె ఆయన్ని వదల్లేదు. సిగ్గుతో కళ్లు తడిశాయి.

"నిద్ర లేవలేదురా," అన్నాడు. "తప్పు నాదే." చిన్నగా అడిగాడు. "ఆ రోజు... ఎంతమంది నడిచారు?"

"మాకేం తెలుసు బాబాయ్," అన్నాడు సైకిళ్లతను. "లెక్కపెట్టడానికి నువ్వున్నావనుకున్నాం."