వెనక్కి పిలవని బేరం

ఆసుపత్రి గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్లో మా ఫ్రిజ్ మెకానిక్ నోరు తెరిచాడంటే మేం బల్ల మీద సర్దుకుని కూర్చుంటాం. ఆ రోజూ అంతే. వాళ్ళావిడకి పిత్తాశయంలో రాళ్ళున్నాయని, ఆపరేషన్ చెయ్యాలని చెప్పారు. ఆవిడ ఆసుపత్రి లోపల బెంచీ మీద కూర్చుని ఉంది. బామ్మర్ది రోడ్డు దాటి వచ్చాడు.

"బావా, కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు అడుగుతున్నారు. అదిస్తేనే చేర్చుకుంటారట."

"కార్డెక్కడికి పోతుందోయ్? ముందు టీ తాగు. బాబాయ్, మా బామ్మర్దికో టీ, చిక్కగా! ఒరేయ్, ఆ ఇన్సూరెన్స్ నేనెలా బేరమాడానో మీకు చెప్పలేదు కదూ? మీరైతే ఏం చేస్తారు? ఏజెంటొస్తాడు, మీ తోడల్లుడికి పక్కింటివాణ్ణంటాడు, చూపించిన చోటల్లా సంతకం గీకేస్తారు. నేనట్లా కాదు. షాపు షట్టరు సగం దించి, ఫోన్లో ఉన్న కంపెనీలన్నిట్నీ వరసగా నిలబెట్టా. ఒకడు గది అద్దె ఇవ్వనంటాడు, ఇంకోడు పాత జబ్బులైతే కొన్నేళ్ళు ఆగమంటాడు. వంకాయలు పుచ్చో లేతో నొక్కి చూసినట్టు ఒక్కోదాన్నీ నొక్కి చూశా. రేటు చూసి మొహం ఇదిగో ఇలా చిట్లించా. ఏమైందో తెలుసా? రేటు దిగింది!"

"నీ మొహం ఫోనుకెట్లా తెలిసిందిరా?" అన్నాడు వెల్డరు.

"ముందు కెమెరా ఎందుకుందిరా మరి, నీ అందం చూసుకోడానికా? ఇంకాస్త చిట్లించా, ఇంకాస్త దిగింది. కళ్ళెర్రజేస్తే ఫోనే వేడెక్కిపోయింది, తడిగుడ్డ చుట్టాల్సొచ్చింది!"

"బావా, కార్డు."

"ఉండవోయ్, అసలు కిటుకు వినకుండానే పోతావా? బేరంలో మొదటి పాఠమేంటి? 'అయితే వద్దులే' అనేసి నాలుగడుగులెయ్యాలి. చెప్పుల కొట్టోడైనా చీరల కొట్టోడైనా 'రండమ్మా, మీ మాటే కానివ్వండి' అని వెనక్కి పిలవాల్సిందే. ఈ విద్యలో మీ అక్కే నాకు గురువు. ఆవిడ నడిచిందంటే బజారు బజారంతా వెనకాల పిలుస్తుంది. నేనూ అదే పట్టు పట్టా. 'వద్దులే' అని పేజీ టక్కున మూసేశా!"

"పిలిచారా?" అని ఎగదోశాను నేను. అలా ఎగదోసే పని ఎప్పుడూ నాదే.

"పిలవకపోవడమా! ముందు ఒకమ్మాయి ఫోన్ చేసింది. 'సార్, అట్లా వెళ్ళిపోతే ఎలా సార్' అని గొంతు పూడుకుపోయింది పాపం. మీ మేనేజర్నివ్వమన్నా. వాడు నాలుక తడారిపోయి ఓనరుకిచ్చాడు. ఓనరు వీడియోలోకొచ్చాడ్రా, బనీను మీదే! చొక్కా వేసుకునే తీరికేదీ వాడికి? 'అయ్యా, మీరొక్కరు కాదంటే మార్కెట్లో మా పరువేం కాను' అన్నాడు. నేనేమన్నా? వద్దులే అన్నా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగతా కంపెనీల ఓనర్లకి ఈ సంగతి పొక్కింది. తెల్లారేసరికి మా సందు నిండా కార్లు. పాలవాడి సైకిలు దూరే సందు లేదు. మేడల మీద ఆరేసిన బట్టలన్నీ ఆ హారన్లకే ఆరిపోయాయి!"

టైలరు టీ గుటక మింగలేక దగ్గాడు. మేం బల్ల చరిచి నవ్వాం. బామ్మర్ది నవ్వలేదు. మెకానిక్ చేతిలో టీ మీద మీగడ కట్టింది. వాడు ఒక్కసారి కూడా గేటు వైపు చూడలేదని నాకు తర్వాత గుర్తొచ్చింది.

"బావా, డాక్టరు వెళ్ళిపోతాడు."

"వెళ్ళనీ! పాలసీలో ఏం రాయించానో తెలిస్తే డాక్టరే వెనక్కొస్తాడు. జబ్బు మా గుమ్మం తొక్కాలంటే ముందు ఫోన్ చేసి పర్మిషన్ తీసుకోవాలి. యముడొచ్చినా సరే, దున్నపోతుని బయట కట్టేసి, చెప్పులు విడిచి, వరసలో నిలబడాలి. కార్డు ముందు చూపిస్తే 'సారీ అండీ, పక్కింటికొచ్చా' అని పోవాలి. అన్నిటికంటే పెద్ద షరతు ఇంకోటుంది. మా ఇంట్లో ఎవరికి నొప్పొచ్చినా మూలిగే పని ఓనరుది! మా ఆవిడకి కడుపునొప్పి వచ్చిందనుకో, అక్కడ ఏసీ గదిలో వాడు మెలికలు తిరగాలి, ఇక్కడ ఈవిడ హాయిగా..."

"మూలుగుతున్నది మా అక్క, బావా." బామ్మర్ది గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇంతకీ కొన్నావా, లేదా?"

మెకానిక్ మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు. ఎవరైనా 'తర్వాత?' అంటారేమోనని చూసినట్టుంది. ఎవరం అనలేదు.

"పిలుస్తారనుకున్నా," అన్నాడు చివరికి. "ఒకమ్మాయి చేసింది, అది నిజం. 'రేటు అంతే సార్, తగ్గదు, చేసెయ్యమంటారా' అంది. 'అయితే వద్దులే' అని పెట్టేశా. మళ్ళీ చేస్తుందని ఫోను జేబులో కూడా పెట్టుకోకుండా బల్ల మీదే పెట్టుకు కూర్చున్నా. ఇంతలోనే మీ అక్కకి నొప్పి మొదలైంది. రాళ్ళున్నాయని తేలాక ఎవడిస్తాడు? 'అయిపోయిందా' అని మీ అక్కడిగితే 'అయిపోయింది' అన్నా. ఆవిడ చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోతున్నా బామ్మర్దీ. ఏ మొహం పెట్టుకుని లోపలికి రాను?"

బామ్మర్ది తల వంచుకున్నాడు. "అక్కకి తెలుసు బావా. నన్ను పంపిస్తూనే చెప్పింది. 'కొనుండడు. లేదని తేలితే ధర్మాసుపత్రికి పోదాం. కానీ నలుగుర్లో అడక్కు, పక్కకి పిలిచి అడుగు. ఆయన తలెత్తుకు తిరిగేది ఆ టీ కొట్లోనే' అంది. నేనే ఆగలేకపోయా."

వాడి కోతలకి ఇన్నాళ్ళూ గాలి కొట్టింది మేమే కదా అనిపించి నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే గేటులోంచి ఆవిడ బయటికొచ్చింది. ఒక చేత్తో డొక్క అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో సంచి మోసుకుంటూ బస్టాపు వైపు నడిచింది. మా వైపు చూడలేదు. మెకానిక్ దిగ్గున లేచాడు, చల్లారిన టీ అంతా ప్యాంటు మీద ఒలికింది.

"ఏమేవ్! ఆగు! ఆగవే, ఆ సంచి ఇటివ్వు!"

ఆవిడ నడుస్తూనే ఉంది. వాడు రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాడు, పిలుస్తూనే పరిగెత్తాడు. అంత గొంతేసుకుని కూడా వాడు ఒక్క గొప్ప మాట అనకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. అందుకున్నాక ఆవిడ సంచి వాడి చేతికిచ్చింది.

"అరవకండి," అందట మెల్లగా. "మీ వాళ్ళందరూ చూస్తున్నారు."

మేం గబుక్కున తలలు దించుకున్నాం.