మూడో కిటికీ చుట్టూ ఎర్ర పట్టీలు

నా పేరు హుమైద్, తండ్రి పేరు సుహైల్. వయసు యాభై ఆరు. ఊరు ఆదం పట్టణానికి దక్షిణాన ఉన్న ఉమ్ సిద్రా. పంతొమ్మిదేళ్ళుగా సొంత బస్సులో బడిపిల్లలను తీసుకెళ్తున్నాను. చదవడం వచ్చు, రాయడం రాదు. ఫిబ్రవరి 14, గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు, మంగళవారం చెప్పినదాన్ని సరిదిద్దుకోవడానికి నా అంతట నేనే ఠాణాకు వచ్చి చెబుతున్నాను.

ముందు పట్టీల సంగతి. బడి బస్సుకు ప్రమాదంలో బయటపడే ద్వారం చుట్టూ, బయటవైపు, వెలుగు పడితే మెరిసే పట్టీ ఉండాలి. లేకపోతే తనిఖీలో ముద్ర పడదు. మా ఎండకు అది ఏడాది తిరక్కుండానే ఉల్లిపొరలా లేచిపోతుంది. అందుకని అయస్కాంతపు రేకుల మీద ఎర్ర పట్టీ అతికించి నాలుగు ముక్కలు చేయించాను. మా ఊళ్ళో బస్సులు ఐదు, పట్టీల జత ఒక్కటే. ఎవరి తనిఖీ ఉంటే వాళ్ళు పెట్టుకుని, సాయంత్రానికి నాకు తెచ్చివ్వాలి. ఇది తప్పని ఐదుగురికీ తెలుసు.

ఫిబ్రవరి 6, బుధవారం నాసర్ బస్సుకు తనిఖీ. నాసర్ మా చిన్నాన్న కొడుకు. ఆ ఉదయమే అతని మామగారి ఖననం. అందుకని బస్సు నేనే తీసుకెళ్ళాను. ముద్ర పడింది. బస్సు వాళ్ళ ఇంటి ముందు పెట్టి తాళాలిచ్చాను. చావు ఇంట్లో పట్టీల మాట ఎత్తడం బాగుండదని వాటిని దానికే వదిలేశాను.

10వ తేదీ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఊళ్ళో మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో కాఫీ తాగుతూ అడిగాను.

"ఏరా నాసర్, నా పట్టీలు నీ బండికి మొలిచాయా ఏమిటి?"

"ఉండనీ అన్నా. పొద్దున్నే మంచు పడుతోంది. అవి తనిఖీవాడి కోసమా, పిల్లల కోసమా?"

నేను నమ్మలేదు. వస్తువు దగ్గర పెట్టుకుని తీయని మాటలు చెప్పే రకం అనుకున్నాను. పోయిన ఏడాది నా జాకీ తీసుకెళ్ళి ఇవ్వలేదు. జాకీ సంగతి కూడా రాయండి. అతని బస్సు మజ్లిస్ గుమ్మానికి ఎదురుగానే ఉంది. కోపం కొద్దీ దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఒక్కసారి కూడా అటు చూడలేదు.

12వ తేదీ మంగళవారం ఉదయం 6:20కి నా బస్సులో పిల్లలింకా ఎక్కలేదు. దట్టమైన మంచు. రోడ్డు మీద నా ముందు నాసర్ బస్సు, అందులో ఇరవై ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ళను చూసుకునే జంజం. ఒంటె అడ్డొస్తే నాసర్ బస్సును పక్కకు తిప్పాడు. బస్సు రోడ్డు దిగి అడ్డంగా నిలిచింది. ముందు తలుపు ఇసుకదిబ్బకు ఆనుకుపోయింది. ఇంజన్ నుంచి పొగ లేచింది.

నా దీపాల వెలుగులో ఎడమవైపున ఎర్రటి చదరం మెరిసింది. రాయి తీసుకుని దాని దగ్గరికే పరుగెత్తాను. "ఇటు రండమ్మా! ఎర్ర పట్టీ దగ్గరికి రండి!" అని అరిచాను. ఇటు రండి అనే అరిచాను. పిల్లలందరూ ఇటే వచ్చారు. అద్దం పగలగొట్టాను. లోపల ఇనుప కడ్డీలు. తురయ్యా అనే ఏడేళ్ళ పిల్ల కడ్డీల సందులోంచి నా వేలు పట్టుకుంది.

"తాతా, ఇది తెరుచుకోదా?"

లోపల్నుంచి జంజం కేకలు వేసింది. "అన్నా, తలుపు వెనక ఉంది! పిల్లల్ని అటెందుకు పిలుస్తున్నావ్?" ఆమె పొగలో తడుముకుంటూ వెళ్ళి వెనక తలుపు తీసింది. 6:27కి నాసర్‌తో సహా అందరూ బయటపడ్డారు. తురయ్యా నా వేలు వదల్లేదు. చివరికి జంజం విడిపించి మోసుకొచ్చింది. ఆ పిల్లకు అప్పటికే స్పృహ లేదు. ఆసుపత్రిలో ఈ ఉదయానికి కూడా యంత్రమే ఊపిరి ఇస్తోంది.

ఆ రోజే మీకు చెప్పాను, నాసర్ పట్టీలను తీసి తప్పు కిటికీకి పెట్టాడని. నా మాట మీదే అతన్ని లోపల ఉంచారు.

నిన్న సాయంత్రం నాలుగింటికి అతన్ని చూడనిచ్చారు. "ఎందుకు మార్చావురా?" అన్నాను. అతను నా ముఖం చూశాడు.

"నేను ముట్టుకోలేదన్నా. అది ద్వారం కాదే అనుకున్నా. కానీ నువ్వు పెట్టావు, వాళ్ళు ముద్ర వేశారు. ఇంక నేనేం అడుగుతాను?"

నా బస్సుకు ప్రమాద ద్వారం ఎడమవైపు మూడో కిటికీ. దానికి కడ్డీలు లేవు. నాసర్ బస్సుకు వెనక తలుపు. 6వ తేదీ బుధవారం తనిఖీ వరసలో నిలబడి, వెనకవాడితో మాట్లాడుతూ, చేతి అలవాటున మూడో కిటికీకి పెట్టేశాను. తనిఖీ ఆయన చదరం ఉందా అని చూశాడు. దేని చుట్టూ ఉందో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. నాసర్ పట్టీలు తిరిగిచ్చేసి ఉంటే, ఆ మంచులో నేను వెనక తలుపుకే వెళ్ళేవాణ్ణి. నాకు సిగ్గుగా ఉంది. అతన్ని వదిలి నన్ను ఉంచండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. జరిగింది జరిగినట్టే ఉంది. ఒక్క జాకీ మాట మాత్రం కొట్టేయండి. రాత్రి వెతికితే నా సీటు కిందే దొరికింది.

అద్దం కోసుకుని కుడి బొటనవేలికి కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
హుమైద్ బిన్ సుహైల్