బొమ్మరాయిపల్లెలో పదకొండు దినాల వాన

పురుషోత్తం "చిన్న ముక్క, రెండు నిమిషాల్లో చెప్పేసి పోతాను" అన్నాడంటే, పుంగనూరు బస్టాండు ఎదుట టీ బంకు నడిపే ముద్దుకృష్ణ ఇంకో లీటరు పాలు పొయ్యి మీదికి ఎక్కిస్తాడు. 2002 ఆగస్టులో ఒక సాయంత్రం కూడా అట్లే ఎక్కించాడు.

పురుషోత్తం దినమూ బస్సులో మదనపల్లెకు పోయి, అక్కడొక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని చేసి, సాయంత్రానికి పుంగనూరు చేరతాడు. పని చేస్తాడా అని ఆయన భార్య గీతకు కూడా అనుమానమే, కానీ అది వాళ్ళింటి సంగతి.

ఆ సాయంత్రం బంకు దగ్గర ఇద్దరే ఉన్నారు. ఒకడు టమోటా లారీ తోలే దేవేంద్ర. లారీలో కన్నా ఈ బెంచీ మీదే ఎక్కువ సేపు కూర్చుంటాడు. రెండోది సోమల బస్సు కోసం చూస్తున్న మునిలక్ష్మమ్మ అనే పెద్దామె. ఒళ్ళో మడతపెట్టిన అర్జీ ఉంది. ఆమెది సోమల దగ్గర బొమ్మరాయిపల్లె. శనక్కాయ పంటంతా ఎండిపోయినా ఆ ఊరి పేరు కరువు జాబితాలోకి ఎక్కలేదు. ఎక్కకుంటే పశువులకు గడ్డి రాదు, వచ్చే కారు పంటకు విత్తనం రాదు. ఎందుకు ఎక్కలేదని అడగడానికి పొద్దున మదనపల్లెకు పోతే, మీ ఊళ్ళో వానలు బాగా పడినట్టు కాగితంలో ఉంది అని పంపేశారట. సోమవారం జాబితా మూసేస్తారట. ఇదంతా ఆమె ముద్దుకృష్ణకు చెప్పుకుని, టీ తాగి, రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత బస్సు దిగిన పురుషోత్తానికి ఇవేవీ తెలియవు.

చిన్న ముక్క మొదలైంది. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన సంగతి చెప్పబోయి, అది వచ్చిన ఆటో సంగతిలోకి దిగాడు. ఆటోవాడి మామ పట్టుపురుగుల షెడ్డు వేశాడని, ఆ షెడ్డు మీద కోతులు కాపురం పెట్టాయని చెప్పి, టీ సగమయ్యాక కంప్యూటర్ దగ్గరికి తిరిగొచ్చాడు.

పదేళ్ళుగా అతని పని ఒకటే. ముప్పై ఒక్క ఊళ్ళలో వాన కొలిచే గిన్నెలున్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకు ఒక్కో ఊరి నుంచి ఒక్కో ఫోను. ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోవాలి, కూడాలి, సగటు తీయాలి, పోయిన ఏడాదితో పోల్చాలి, మూడు కాపీలు కొట్టి పది గంటలకల్లా చిత్తూరుకు ఫ్యాక్సు చేయాలి. అతని కుర్చీ పక్కన కిటికీ తీస్తే గోడ. ముప్పై ఒక్క ఊళ్ళ వాన పదేళ్ళు అతని చేతి మీదుగా పోయింది కానీ, పనివేళలో ఒక్క చినుకు కూడా అతను చూసింది లేదు.

"నేనే నేర్పించినానప్పా దానికి. ఒక్క మీట నొక్కితే కూడికలు, సగటు, పోయినేటి లెక్క, అంతా అదే. నేను టీ ఊదుకునేలోపల కాయితం బయట ఉంటాది."

దేవేంద్ర నమ్మాడు. అది నిజమే కూడా. కానీ నమ్మే మనిషి ఎదురుగా ఉంటే పురుషోత్తం నిజం దగ్గర ఎక్కువ సేపు నిలవలేడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసునా అని అడిగి, తనే చెప్పాడు. ఒక్కో దినం కొన్ని ఊళ్ళ నుంచి ఫోను రాదు. గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు ఊరుకోరు. అందుకని ఆ విద్యా నేర్పాడు, ఫోను రాకపోతే అదే గడి నింపుకుంటుంది. నెల తిరిగేసరికి దానికి ఫోన్లతో పనే లేకపోయింది. రెండో నెలకల్లా రేపటి రిపోర్టు ఈ సాయంత్రమే ఇచ్చేది.

"రేపటి వాన దానికెట్ల తెలుస్తాదప్పా?" అన్నాడు దేవేంద్ర.

"దానికి తెలిసేదేముండాది. వానకే తెలియాల."

ఇక్కడ పురుషోత్తం గొంతు మెత్తబడింది, కళ్ళు సగం మూతపడ్డాయి. తెల్లవారేసరికి కుప్పం దిక్కు నుంచి మబ్బులు వచ్చేవట. పాలు పిండించుకున్న ఎనుముల్లాగా నిదానంగా నడిచొచ్చి, హార్స్‌లీ కొండల మీద తలలు వంచుకుని నిలబడేవట. ఫ్యాక్సు కూత వినబడగానే ఒక్కొక్కటే లేచి, తనకు రాసిన ఊరికి బయల్దేరేది. పలమనేరుకు ఎనిమిది అని రాస్తే ఎనిమిదే. తొమ్మిదో మిల్లీమీటరు రాలబోతే మబ్బు నాలుక కరుచుకుని పైకి పీల్చుకునేది. జాబితాలో లేని మబ్బొకటి బైరెడ్డిపల్లె మీదికి పోయి, జనం గొడుగులు విప్పినాక తప్పు తెలుసుకుని సిగ్గుపడి వెనక్కి మళ్ళింది. దారి తప్పిన ఒక పిల్లమబ్బు ఆఫీసు కిటికీకీ గోడకీ మధ్య సందులోకి దిగి, నా పేరు ఏ గడిలో ఉందో చూడు సామీ అని అడిగిందట. చెయ్యి బయట పెట్టి దాని వీపు నిమిరాడట. ఆ తడి రెండు దినాలు ఆరలేదట. చెబుతుంటే పురుషోత్తానికి నిజంగానే అరచెయ్యి చల్లబడింది.

ముద్దుకృష్ణ పొయ్యి మంట తగ్గించాడు. పాలు పొంగితే ఆ మబ్బులు బెదురుతాయని కాబోలు.

"ఇంగొక పల్లెకైతే పదకొండు దినాలు నా చేతులారా ఇచ్చినాను. దినానికి ఇరవై రెండు మిల్లీమీటర్లు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. కాయితంలో ఉండాది, కావాలంటే పోయి సూసుకో."

ఆ ఊళ్ళో బావులు పొర్లాయి. చేపలు మెట్లెక్కి వచ్చి అరుగుల మీద కూర్చున్నాయి. కప్పలు బస్సెక్కి, కండక్టరు దగ్గర సోమలకు టికెట్లు తీసుకున్నాయి. శనక్కాయ చెట్టు పీకడానికి రెండు జతల ఎద్దులు కట్టారు.

"ఏ ఊరప్పా అది?" అని మునిలక్ష్మమ్మ అడిగింది.

"బొమ్మరాయిపల్లె," అన్నాడు పురుషోత్తం, దానం చేసినవాడి ముఖంతో.

ఆమె కొంగు సర్దుకుంది. "ఆ ఊళ్ళో గిన్నె కొలిచి ఫోను చేసేది నేనే నాయనా. జూలైలో ఒక్కనాడు ఇరవై రెండు పడింది, చెప్పినాను. మర్నాటి నుంచి పదకొండు దినాలు పంచాయితీ ఆఫీసు ఫోను పలకలేదు. గిన్నెలో దుమ్ముండాదని నీకు చెప్పేదానికి దారి లేకపోయె. నువ్విచ్చిన వానకు గడ్డి యాడ మొలిచిందో చెప్పు, ఆవుల్ని ఆడికే తోలుకుపోతాను."

దేవేంద్ర నవ్వబోయి, ఆమె ఒళ్ళో అర్జీ చూసి మానుకున్నాడు.

పురుషోత్తానికి నోట్లో టీ చల్లారిపోయింది. ఫోను రాకపోతే నిన్నటి అంకెనే ఈ దినానికి దించుకోమని ఆ యంత్రానికి చెప్పింది తానే. అంతకు మించిన విద్య దానికేదీ రాదు. కొండ మీది మబ్బులు ఒక్కటొక్కటే ఎటో వెళ్ళిపోయాయి, పిల్లమబ్బుతో సహా.

అర్జీ ఇట్లా ఇమ్మన్నాడు. ముద్దుకృష్ణ దగ్గర పెన్ను అడిగి, కాగితం వెనక ఆ అంకె ఎట్లా పుట్టిందో రాశాడు. నేర్పింది తానేనని రాయడానికి ముందు పెన్ను కాసేపు ఆగింది. రాసి సంతకం పెట్టాడు. ఉద్యోగం పోతే లారీ కడిగే పని ఉండాదిలే అని దేవేంద్ర ధైర్యం చెప్పాడు. సోమల బస్సు వచ్చింది. రేపు తానే ఆఫీసులో పెద్దాయన చేతికి ఇస్తానని చెప్పి, పురుషోత్తం ఆమెను బస్సెక్కించాడు.

సోమవారం బొమ్మరాయిపల్లె పేరు కరువు జాబితాలోకి ఎక్కింది. ఆఫీసులో విచారణ రెండు నెలలు నడిచింది. తప్పు కంప్యూటర్‌దేనని తేల్చి, దాన్ని కుప్పానికి బదిలీ చేశారు.