ఆటులో దిగొద్దు

మేనకోడలు ఆసుపత్రిలో చేరి అది నాలుగో రోజు. సముద్రపొడ్డున లాడ్జి నడిపే బావకు బావమరిది వార్డు బయటి వరండాలోంచి ఫోన్ చేశాడు. గొంతులో నవ్వుంది గానీ మొహంలో మచ్చుకైనా లేదు.

"...ఎనిమిది మందిమి బావా. సర్ఫింగ్ బోర్డులు ఎవరివి వాళ్లే తెచ్చుకుంటాం. నాలుగు గదులు ఉంచు చాలు."

"నాలుగేంట్రా, పన్నెండూ ఖాళీయే. వానలు మొదలైనప్పట్నుంచీ ఈగలు తోలుకుంటున్నా. రండి, రండి. కొండలన్నీ పచ్చగా ఉన్నాయి, ఒడ్డున నరమానవుడు లేడు. అలలన్నీ మీవే. అది సరే... పాపకెలా ఉంది?"

"జ్వరం దిగలేదు. వాంతులు ఆగలేదు."

"మరిప్పుడు నీకు సర్ఫింగ్ గోలేంట్రా? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట నీలాంటోడే."

"కన్నతండ్రివి, చూడ్డానికి నువ్వే రాలేదుగా బావా."

"నేనొచ్చేస్తే ఇక్కడెవరు చూస్తారు?"

"ఖాళీ గదుల్ని చూడ్డానికి మనిషి కావాలా?"

"సర్లే, సర్లే. ఎప్పుడొస్తారు?"

"వచ్చే వారం. నిన్న మెసేజ్‌లో నువ్వు పంపిన ఆటుపోట్ల టైములు చూశా. రోజూ పోటు మీదున్నప్పుడే నీళ్లలోకి దిగాలని రాశావేంటి? రాళ్ల దగ్గర అల బాగా లేచేదే ఆటులో. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి!"

"పోటులో లోతెక్కువ. పడ్డా రాళ్లు తగలవు."

"పదేళ్ల నుంచి ఆటులోనే దిగుతున్నాం. నేర్పింది నువ్వేగా."

"అది ఎండాకాలం రా. వానాకాలం వేరు."

"ఏం వేరు?"

"వేరంటే వేరే. బురద. కొండ మీంచి బురద కొట్టుకొస్తుంది."

"బురదైతే పోటులోనూ ఉంటుందిగా."

"అబ్బా, చెప్తే వినవేంట్రా!"

"నీళ్లు నమలకు బావా. మావాళ్లు అలల పిచ్చోళ్లు. తెల్లారేసరికి ఆటుంటే ఆటులోనే దిగుతారు. నేనాపలేను."

"వద్దు! ఆపు. ఎనిమిది మందీ ఒకేసారి మంచాన పడితే నా లాడ్జి గంగలో కలుస్తుంది."

"మంచానెందుకు పడతారు?"

"ఊరికే అన్నాన్రా. పోటులోనే దిగండి, అంతే."

"బావా, ఎందుకు పడతారు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. అయినా చెప్తున్నా. మీ అక్కకి మాత్రం తెలియకూడదు."

"చెప్పు."

"వానలకి సెప్టిక్ ట్యాంకు పొంగుతోంది. పెరడంతా కంపు. ఖాళీ చేసే బండి ఈ దారిలో దిగబడిపోతుంది, రానంటున్నారు. అందుకని గొట్టం వేశా. ఆటు మొదలవగానే మూత తీస్తా, సముద్రం లాక్కుపోతుంది. పోటు మొదలయ్యేసరికి మూసేస్తా. అంతే."

"గొట్టం ఎక్కడిదాకా?"

"రాళ్ల... రాళ్ల పక్కదాకా."

"ఛీ!"

"ఛీ ఏంట్రా? సముద్రమెంత, నా ట్యాంకెంత!"

"సముద్రం పెద్దదే బావా. నోట్లోకి పోయేది మాత్రం గుక్కెడే. ఛీ, ఛీ! లాడ్జి పెంటంతా అలల్లోకి వదిలి, పైగా కొండలు పచ్చగా ఉన్నాయి రండి రండి అంటావా?"

"అందుకేగా పోటులో దిగమన్నది! మీ మంచికే కదా!"

"ఎప్పట్నుంచి ఈ పని?"

"తొలి వానల నుంచీ."

"అంటే అక్కా, పాపా మా ఇంటికి బయల్దేరిన రోజు కూడా."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"పాప సంచిలో ఈత బట్టలున్నాయి బావా. తడిగా, కంపుకొడుతూ. దిగిందా పాప?"

"నేను మూత తీసి అటు తిరిగేసరికి బోర్డేసుకుని వెళ్లిపోయింది రా. దానికేం తెలుసు! రెండు గుక్కలు మింగిందేమో, అంతే. లాక్కొచ్చి సబ్బుతో రుద్ది రుద్ది స్నానం చేయించా."

"డాక్టరు నీకు మూడుసార్లు ఫోన్ చేశారు. నీళ్లలో దిగిందా అనడిగారు. లేదు, బయట తిండేదో పడలేదన్నావు."

"దిగిందంటే ఎక్కడ, ఏ నీళ్లు అంటారు. ఎవరో ఒకరొచ్చి లాడ్జికి తాళం వేస్తారు. అందరం రోడ్డున పడతాం. పిల్లలన్నాక జ్వరాలు రావా, పోవా? రెండ్రోజుల్లో లేచి ఆడుకుంటుందిలే. ఇంతకీ ఏ రోజొస్తున్నారో చెప్పు, గదులు తుడిపిస్తా."

"నీకు గదులే కనిపిస్తున్నాయా ఇంకా? నువ్వు మనిషివేనా బావా! నిన్ను బావా అనడానికే రోత పుడుతోంది. ఎవరూ రావట్లేదు. ఎనిమిది మందీ లేరు, ట్రిప్పూ లేదు. ఫోను స్పీకర్లో ఉంది. డాక్టరమ్మగారూ, విన్నారుగా?"

"విన్నాను. ఈ మాట మొదటి రోజే చెప్పుంటే బాగుండేది. వెంటనే మందు మారుస్తాను."

"ఒరేయ్... ఒరేయ్, మీ అక్క అక్కడుందా?"

"ఇక్కడే ఉన్నాను. ఏ నీళ్లలో దిగావే తల్లీ అని నాలుగు రోజులుగా బతిమాలుతున్నాను. ఒళ్లు కాలిపోతున్నా, 'నాన్న చెప్పొద్దన్నాడమ్మా' అని నోరు మూసుకుని పడుకుంది. ఇప్పుడెళ్లి చెప్తాను, నాన్నే చెప్పేశాడు, ఇంక నువ్వు భయపడక్కర్లేదని."