మా పాపను చెప్పనిచ్చిన సిస్టరు గారికి

అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్ద డాక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, పిల్లల వార్డులో పనిచేసే అక్కచెల్లెళ్లకు, మాలాగే ఒకప్పుడు ఆ వార్డు వరండా బెంచీల మీద రోజులు లెక్కపెట్టిన తల్లిదండ్రులకు, ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం ముగించుకుని ఇవాళ ఇంటికి వెళ్తున్న మా పెద్ద సిస్టరు గారికి నమస్కారం. నేను పదో తరగతి వరకే చదివాను. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. నా గొంతు చిన్నది, వెనక వరసల వాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

పదకొండేళ్ల కిందట, మా పాపకు ఎనిమిదేళ్లప్పుడు, చిన్నమెదడులో కణితి ఉందని ఇక్కడే ఆపరేషన్ చేశారు. పాప కళ్లు తెరిచింది, మమ్మల్ని గుర్తుపట్టింది, చెప్పింది అర్థం చేసుకుంది, మాట మాత్రం లేదు. కొందరు పిల్లలకు ఇలా అవుతుందని, వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమని ఈ పెద్ద డాక్టరు గారే దాచకుండా చెప్పారు.

మాది దేవుణ్ణి నమ్ముకున్న ఇల్లు. మంచానికి ఒక పక్క నేను, ఇంకో పక్క మా అత్తగారు, డ్యూటీ దిగి బస్సు డిపో నుంచి తిన్నగా వచ్చి కాళ్ల దగ్గర మా ఆయన, ముగ్గురం గుక్క తిప్పుకోకుండా ప్రార్థన చేసేవాళ్లం. సిస్టరు గారు వచ్చి, దుప్పటి కప్పనా తీసెయ్యనా అని పాపను అడిగితే, నేను ప్రార్థన మధ్యలో ఆపి, చలిగా ఉందట కప్పండి అని జవాబు చెప్పేసి, మళ్లీ వదిలిన చోట అందుకునేదాన్ని. వారం రోజులు చూసి ఆవిడ అన్నారు, “మీ ముగ్గురి మధ్య ఆ పిల్ల మాట దూరడానికి సందేదమ్మా?”

మా అత్తగారు ఊరుకునే మనిషి కాదు. “దేవుడితో మాట్లాడటానికి నీ పర్మిషన్ కావాలా తల్లీ?” అంది. (నవ్వులు)

“దేవుడితో ఎంతసేపైనా మాట్లాడండి పెద్దమ్మా. నేను పాపను అడిగినప్పుడు మాత్రం పాపనే చెప్పనివ్వండి.”

నాకు ఒళ్లు మండింది. పాప నోటుపుస్తకంలో కాగితం చింపి, ఈ సిస్టరు మా ప్రార్థనకు అడ్డొస్తోంది, ఈవిడను మా పాప దగ్గరకు పంపొద్దు అని రాసి డాక్టరు గారికిచ్చాను. ఆయనకు గుర్తుందో లేదో. (నవ్వులు) తల ఊపుతున్నారు, గుర్తుందన్నమాట. ఆ కాగితం సిస్టరు గారి చేతికి వెళ్లింది. మర్నాడు అదే వేళకు వచ్చి, అదే మెత్తటి చేత్తో పాప తల కట్టు మార్చి, దుప్పటి సంగతి అడిగారు. ఎప్పటిలాగే నేను, చలి, కప్పండి అన్నాను. అంటుండగా పాప పెదవులు కొంచెం తెరుచుకుని, నా మాట పూర్తయ్యేసరికి మూసుకోవడం చూశాను.

ఎన్నాళ్ల నుంచి అలా తెరిచి మూసుకుంటోందో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి సిస్టరు గారు అడిగినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఆ కాసేపు నేను పడిన భయం ఆపరేషన్ రోజున కూడా పడలేదు. నేను దేవుణ్ణి అడగడం ఆపితే ఆయన మమ్మల్ని మర్చిపోతాడేమో, ఇన్నాళ్లూ నా నోరే పాపను పట్టి ఉంచిందేమో అనిపించేది. సిస్టరు గారు మాత్రం వేరే పనేమీ లేనట్టు పాప ముఖంలోకి చూస్తూ నిలబడేవారు. అలా ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు ఉదయం, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, పాప “తీ...సె...య్” అంది.

రెండు వారాలుగా నేను చలి అని కప్పించిన దుప్పటి కిందే ఉంది, పిల్లకేమో ఉక్క. (నవ్వులు)

మా అత్తగారు భోరుమంది. మా ఆయన, ఇంకొక్కసారి అను తల్లీ అని బతిమాలుతున్నాడు. సిస్టరు గారు ఒక్కటే అన్నారు, “మళ్లీ అనక్కర్లేదు. ముందు దుప్పటి తియ్యండి.”

పాపకు మాట తిరిగి ఇచ్చింది దేవుడేనని నేను ఇవాళ్టికీ నమ్ముతాను. ఆయన ఇచ్చినదాన్ని నేనే ఎన్నాళ్లో అడ్డుకున్నానని కూడా నాకు తెలుసు. అమ్మా, ఆ కాగితం సంగతి మీరు ఒక్కసారైనా ఎత్తలేదు. నేనూ నోరు తెరవలేకపోయాను. అందరి ముందూ చేసిన తప్పుకైతే అందరి ముందే క్షమాపణ అడగాలి గానీ, ఆ రోజు ఆ కాగితం చదివింది మీరూ డాక్టరు గారూ ఇద్దరే. అయినా అడుగుతున్నాను, క్షమించండి.

మాకు ఈ అవకాశం ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పాపకు ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. నడక కొంచెం పక్కకు ఒరుగుతుంది. మాట నెమ్మది, దుకాణాల్లో జనం ఆగలేక తన మాట వాళ్లే పూర్తి చేసేస్తుంటారు. సిస్టరు గారికి రెండు ముక్కలు చెబుతానని తనే రాసుకుంది, నాకు చూపించలేదు. మొదటి మాట రావడానికి కాస్త సమయం పడుతుంది. దయచేసి ఎవరూ అందించకండి, చప్పట్లు కూడా ముందే కొట్టకండి. నేను కిందికి దిగి మీ మధ్యే కూర్చుంటాను. సెలవు.