దీపాల కింద ఆరిన పడుగు

బెజవాడ నేతపేటలో ముసురు వదలడం లేదు. సాంబమూర్తి తడిసిన గొడుగు అరుగు మీద వదిలి లోపలికి వచ్చాడు. పోయిన తమ్ముడి భార్య చౌడేశ్వరమ్మ మగ్గం గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బస్సులకి రంగులేసే షెడ్డులో దీపాల కింద ఆరబెట్టావా? పడుగునా?"

"అవును బావగారూ. రంగు ఆరేచోట గంజి ఆరదా?"

"నలుగురూ నవ్వుతున్నారమ్మాయ్! గంజి పెట్టిన పడుగు వీధిలో సాగదీసి ఎండకి ఆరబెట్టుకోవాలి."

"ఎండేదీ? ఎక్కడుందో చూపించండి, అక్కడే సాగదీస్తా."

"వచ్చేదాకా ఆగాలి."

"గంజి పులిసి నూలు కుళ్ళేదాకానా? ఈ కంట్రోలు రోజుల్లో మళ్ళీ నూలెవరిస్తారు?"

"అసలవేం దీపాలు?"

"యుద్ధంలో మిలటరీ లారీల రంగు ఆరబెట్టడానికి తెచ్చారట. షెడ్డాయన వేలంలో కొన్నాడు. ఎర్రగా ఉంటాయి. వెలుతురు కొంచెమే, సెగ మాత్రం బోలెడు. మంటా లేదు, పొగా లేదు."

"మాడిపోదూ?"

"మాడింది. మొదట మరీ దగ్గర పెట్టాం, అంచున నాలుగు పోగులు పోయాయి. మూరెడు ఎడం జరిపాక చక్కగా ఆరింది."

"చక్కగానట! ఆ సెగకి ఎండిన నూలు నేతలో పుటుక్కుమని తెగుతుంది. పేట పరువు పోతుంది. నీ తమ్ముడు ఏడుకొండల్ని పిలువు."

"వాడెందుకు?"

"నేసేది వాడేగా! అక్క మగ్గం మూలపడకుండా తమ్ముడొచ్చి నిలబెట్టాడని అందరం మెచ్చుకున్నాం. ఆడవాళ్ళు మగ్గమెక్కరాయె. వాడి చేతే కోయిస్తా మగ్గం మీదున్న ఆ పడుగు."

"వాడు లేడు."

"ఇప్పటిదాకా మగ్గం చప్పుడు వినపడిందే!"

"వినపడింది. అయితే?"

"అడ్డు తప్పుకో, అమ్మాయ్."

"తప్పుకోను."

"సొసైటీకి పెద్దని నేను. రేపట్నుంచి నీకు నూలు ఆపేయిస్తా. ఏం తింటావో చూస్తా."

"ఆపండి. ముందు మీరే తడిమి చూడండి. ఒక్క పోగు తెగి ఉన్నా కత్తి నేనే ఇస్తా. రండి."

"ఊఁ... ఏదీ..."

"ఎక్కడైనా తెగిందా?"

"పోగు బాగానే ఉంది. నేత కూడా... వాడి చెయ్యి ఇంత తిరిగిందెప్పుడు?"

"తిరగలేదు."

"ఏమన్నావ్?"

"ఏం లేదు. బాగుందన్నారుగా, ఇంకేం?"

"బాగుంటే మాత్రం? ఇవాళ నిన్ను వదిలేస్తే రేపు పేటంతా నీ దీపాల వెంటే పోతుంది. కట్టుబాటు కట్టుబాటే. కత్తి ఇటు తే."

"ఇదిగో. ఒక్క మాట చెప్పి కొయ్యండి. మన ఇళ్ళల్లో సగం నేసిన పడుగు ఎప్పుడు కోస్తారు?"

"నేసే మనిషి పోతే. అది తెలియనిదెవరికి?"

"మీ తమ్ముడు పోయిన రోజున మీ చేత్తోనే కోశారు. ఈ పడుగు నేస్తున్నది మా ఏడుకొండలు కాదు బావగారూ, నేను. బతికే ఉన్నాను. ఇప్పుడు కొయ్యండి!"